పన్నెండు గంటలు చాలంటున్న మరిది, వద్దంటున్న డైవ్ కంప్యూటర్

ఉత్తరం రాసిన పాఠకురాలికి 34 ఏళ్లు. ఆమెకీ భర్తకీ స్కూబా డైవింగ్ అలవాటు చేసింది మరిది. ఇంట్లో అందరికంటే ఎక్కువ డైవ్‌లు చేసినవాడు కాబట్టి ఈ విషయాల్లో అతని మాటే చెల్లుతుంది. వచ్చే నెల ముగ్గురూ కలిసి ఐదు రోజుల డైవింగ్ యాత్రకి వెళ్తున్నారు. రోజుకి మూడు డైవ్‌లు. ఆఖరి రోజు మూడో డైవ్ ముగించి నీళ్లలోంచి బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడవుతుంది. మర్నాడు పొద్దున్న ఆరింటికి విమానం. టిక్కెట్లు మరిదే తీశాడు. "పన్నెండు గంటలు చాలు వదినా, మనకి పదిహేను ఉన్నాయి" అంటాడు. ఆమె చేతికున్న డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం లెక్కగట్టే గడియారం లాంటి పరికరం) మాత్రం ప్రతిసారీ 24 గంటలు విమానం ఎక్కొద్దనే చూపిస్తుంది.

దీనికి తోడు యాత్ర నుంచి వచ్చిన మూడు వారాలకి ఆమెకి హాఫ్ మారథాన్ ఉంది. శిక్షణ తప్పకూడదని రోజూ పడవ ఎక్కేలోపు పరుగు, ఆఖరి రోజు సాయంత్రం 16 కిలోమీటర్ల లాంగ్ రన్ పెట్టుకున్నారు. డైవ్‌కి ముందు వ్యాయామం చేస్తే మంచిదని పరిశోధనలు ఉన్నాయని కూడా మరిదే చెప్పాడట. తన అనుమానం బయటపెడితే భర్త "నీకు ప్రతిదానికీ టెన్షనే" అని నవ్వేశారు. టిక్కెట్లు మార్చమంటే మరిది చిన్నబుచ్చుకుంటాడేమోనని ఒక బెంగ. ఎవరి మాట వినాలి, పరుగు మానాలా, డైవ్ మానాలా, ఊరుకోవాలా అన్నది ఆమె ప్రశ్న. ఉత్తరం చివర ఇంకో సంగతి కూడా రాశారు. కిందటి యాత్రలో ఆఖరి రోజు సిలిండర్లు పడవలోంచి దింపాక పొట్ట మీద ఎర్రగా, ఊదాగా చారలు తేలి దురద పెట్టిందట, భుజం లాగిందట. రాత్రికల్లా తగ్గిపోయింది. వెట్‌సూట్ (డైవింగ్‌కి వేసుకునే బిగుతు దుస్తులు) పడలేదేమో అనుకున్నారు.

*

మీరు గంటల గురించి అడిగారు. ఆ లెక్క చెప్తాను. కానీ మీరు చివర్లో చెప్పి వదిలేసిన చారల సంగతి ముందు చూడాలి, ఎందుకంటే మిగతా జవాబంతా దాని మీదే ఆధారపడి ఉంది.

డైవ్ తర్వాత పొట్ట, నడుము, తొడల మీద ఎరుపూ ఊదా కలిసిన చారలు తేలడం, దురద పెట్టడం బెండ్స్ (లోతు నుంచి పైకి వచ్చాక ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టి వచ్చే జబ్బు) లక్షణాల్లో ఒకటి. వెట్‌సూట్ ఒరుసుకున్నా, సముద్రంలో ఏదైనా కుట్టినా చర్మం కందుతుంది, కాదనను. ఉత్తరం చదివి జబ్బు తేల్చడం నా పని కాదు. అయితే మీ విషయంలో మూడు ఒకేసారి కలిశాయి: వరసగా కొన్ని రోజుల డైవింగ్, బరువులెత్తిన కాసేపటికే మచ్చలు, వాటితోపాటు భుజం నొప్పి. డైవింగ్ వైద్యం తెలిసిన ఏ డాక్టరైనా ఈ మూడూ వింటే పెన్ను పక్కన పెట్టి మీ వైపు చూస్తారు.

బరువులెత్తడం గురించి ఎందుకంటున్నానో చెప్పాలి. తల్లి కడుపులో ఉన్నప్పుడు మన గుండె పై గదుల మధ్య ఒక చిన్న దారి ఉంటుంది. పుట్టాక అది మూసుకుపోవాలి. దాదాపు నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకోదు. మామూలు జీవితంలో దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు, చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. డైవ్ తర్వాత సిరల్లో చిన్న చిన్న నైట్రోజన్ బుడగలు తిరగడం కూడా మామూలే. అవి ఊపిరితిత్తులకి చేరి అక్కడే చిక్కుకుని కరిగిపోతాయి. కానీ ఊపిరి బిగబట్టి సిలిండర్ ఎత్తినప్పుడు గుండె కుడివైపు ఒత్తిడి పెరుగుతుంది. ఆ దారి గనక తెరిచి ఉంటే, ఊపిరితిత్తుల దగ్గర ఆగాల్సిన బుడగలు ఆ క్షణంలో ఎడమవైపుకి జారి నేరుగా ధమనుల్లోకి వెళ్తాయి. చర్మం మీద చారలు తేలిన డైవర్లలో ఈ దారి తెరిచి ఉన్నవాళ్లు మిగతావాళ్లలో కంటే చాలా ఎక్కువ. ధమనుల్లోకి వెళ్లిన బుడగ చర్మానికే పోవాలని లేదు. మెదడుకో, వెన్నుపాముకో, లోపలి చెవికో కూడా పోవచ్చు.

కాబట్టి మీ ముందున్న మొదటి ఎంపిక ఇది. యాత్రకి ఇంకా నెల ఉంది. ఈలోపు డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టరుని కలవచ్చు. అవసరమనుకుంటే గుండెకి ఎకో పరీక్ష చేస్తారు. ఉప్పునీటిలో సన్నటి బుడగలు కలిపి చేతి సిరలోకి ఎక్కించి, అవి కుడి నుంచి ఎడమకి దాటుతున్నాయేమో చూస్తారు. దారి ఉందని తేలినంత మాత్రాన డైవింగ్ ముగిసిపోయినట్టు కాదు. లోతు తగ్గించమంటారు, సమయం తగ్గించమంటారు, బరువులు ముట్టుకోవద్దంటారు. కొద్దిమందికి మాత్రం ఆ దారిని మూయించుకోమని సలహా ఇస్తారు. డాక్టరుని కలిసే వీలు యాత్రలోపు కుదరకపోతే ఈసారి నీళ్ల పైపైన స్నార్కెలింగ్‌తో సరిపెట్టుకోవచ్చు. ఖర్చుపెట్టి వెళ్లి ఒడ్డున కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. రెండో దారి, ఏమీ పట్టించుకోకుండా కిందటిసారి లాగే వెళ్లడం. అలా వెళ్లినా బహుశా ఏమీ కాదు. కానీ ఒకసారి హెచ్చరిక వచ్చాక 'బహుశా' మీద ఐదు రోజులు, పదిహేను డైవ్‌లు నడపడం నాకు నచ్చదు.

ఇక డాక్టరు సరేనన్నారనుకుని మిగతావి చూద్దాం.

మీ మరిది చెప్పిన పన్నెండు గంటలు ఆయన కల్పించింది కాదు. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ 2002లో నిపుణులని కూర్చోబెట్టి తయారు చేయించిన మార్గదర్శకాల్లో ఆ అంకె ఉంది. కాకపోతే అది డీకంప్రెషన్ స్టాప్ (పైకి వచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా ఆగడం) అవసరం లేని ఒకే ఒక్క డైవ్ చేసినవాళ్లకి. రోజుకి రెండు మూడు డైవ్‌లు, లేదా వరసగా కొన్ని రోజులు డైవ్ చేసినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలని ఆ పక్కనే ఉంది. డీకంప్రెషన్ స్టాప్‌లు చేయాల్సి వచ్చిన డైవ్‌లకైతే 18 కంటే బాగా ఎక్కువ. మీ ముగ్గురూ రెండో రకంలోకి వస్తారు. అంటే పదిహేను గంటలన్నది మీకు మూడు గంటలు తక్కువ. మీ కంప్యూటర్ చూపించే 24 గంటలు అందరికీ ఒకే మాట చెప్పే జాగ్రత్త అంకె. చాలా డైవింగ్ సంస్థలు కూడా ఇరవై నాలుగే చెప్తాయి, ఎందుకంటే గుర్తుపెట్టుకోవడం సులువు, పొరపాటుకి కాస్త చోటు ఉంటుంది.

ఈ గంటలు ఎందుకు కావాలంటే, లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో అన్నిచోట్లా ఒకే వేగంతో కరగదు, ఒకే వేగంతో బయటికీ రాదు. 1908లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త మేకల మీద ప్రయోగాలు చేసి మొదటి డీకంప్రెషన్ పట్టికలు ప్రచురించినప్పుడే శరీరాన్ని ఐదు రకాల కణజాలాలుగా విడగొట్టాడు. అందులో సగం నైట్రోజన్ వదలడానికి 5 నిమిషాలు పట్టేవి ఉన్నాయి, 75 నిమిషాలు పట్టేవీ ఉన్నాయి. ఇవాళ చాలా డైవ్ కంప్యూటర్లకి ఆధారమైన బ్యూల్‌మన్ లెక్కలో అలాంటివి 16. అన్నిటికంటే నిదానమైనదానికి సగం ఖాళీ కావడానికే 635 నిమిషాలు, అంటే పదిన్నర గంటలకి పైనే. ఆ లెక్కన పదిహేను గంటలు గడిచినా అందులో చేరిన అదనపు నైట్రోజన్‌లో మూడో వంతుకి పైగా మిగిలే ఉంటుంది. ఒక్క డైవ్‌తో ఈ నిదానమైన భాగాలు పెద్దగా నిండవు. ఐదు రోజులు రోజుకి మూడు డైవ్‌లు చేస్తే నిండుతాయి. తీగ మీద పల్చటి తువ్వాలు ఆరింది కదా అని పక్కనున్న మందపాటి దుప్పటి కూడా మడతపెట్టేస్తే ఎలా ఉంటుందో, ఒక్క డైవ్ లెక్కని మీ యాత్రకి వాడితే అలా ఉంటుంది.

విమానంలో ప్రెషర్ ఉంటుంది కదా అంటారేమో. ఉంటుంది, కానీ నేల మీద ఉన్నంత ఉండదు. పెద్ద విమానాల క్యాబిన్లో గాలి ఒత్తిడి సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టుంటుంది. 2,400 మీటర్లంటే సముద్ర మట్టంలోని ఒత్తిడిలో నాలుగింట మూడు వంతులే. నీళ్లలోంచి మెల్లగా పైకి వచ్చి, 5 మీటర్ల దగ్గర సేఫ్టీ స్టాప్ అని జాగ్రత్త కోసం కాసేపు ఆగి ఇంత జాగ్రత్త పడ్డాక, విమానం ఎక్కడం ఇంకాస్త పైకి తేలడమే. బోయింగ్ 787 లాంటి కొత్త విమానాల్లో క్యాబిన్ ఎత్తు సుమారు 1,800 మీటర్లకి మించదు. మంచిదే, కానీ దాన్ని చూసి గంటలు తగ్గించుకోకండి. కారులో కొండ దాటి వెళ్లడానికీ ఇదే వర్తిస్తుంది. ఆ మార్గదర్శకాలు 600 మీటర్ల ఎత్తు నుంచే లెక్కలోకి తీసుకుంటాయి.

18 అనే అంకె వెనక ఉన్న ఒక సంగతి మీలాంటి రన్నర్‌కి ముఖ్యం. 1990లలో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లని ప్రెషర్ చాంబర్‌లో కూర్చోబెట్టి, డైవ్ చేసినట్టుగా ఒత్తిడి పెంచి తగ్గించి, కొన్ని గంటల తర్వాత విమానంలో ఎక్కినట్టుగా ఒత్తిడి మళ్లీ తగ్గించారు. ఎన్ని గంటలు ఆగితే ఎవరికీ బెండ్స్ రాలేదో చూశారు. 2002 అంకెలకి ఈ ప్రయోగాలు పెద్ద ఆధారం. అయితే ఆ మనుషులు తడవలేదు, చలికి వణకలేదు, ఈదలేదు, నిచ్చెన ఎక్కలేదు, విశ్రాంతిగా కూర్చున్నారు. అంటే 18 గంటలన్నది కదలకుండా కూర్చున్న మనిషి మీద కొలిచిన కనీసం. ప్రవాహానికి ఎదురీది, సిలిండర్లు మోసి, సాయంత్రం 16 కిలోమీటర్లు పరిగెత్తిన మనిషికి అదే సరిపోతుందని ఎవరూ కొలవలేదు. మీరు పరుగునీ విమానాన్నీ రెండు వేరు ప్రశ్నలుగా రాశారు. నాకు అవి ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నాయి.

పరుగు గురించి మరిది చదివిన పరిశోధన నిజంగానే ఉంది. 2004లో క్రొయేషియా పరిశోధకులు డైవర్లని డైవ్‌కి 24 గంటల ముందు ట్రెడ్‌మిల్ మీద గట్టిగా పరిగెత్తించారు. డైవ్ తర్వాత వాళ్ల రక్తంలో బుడగలు తగ్గాయి. డైవ్‌కి 2 గంటల ముందు పరిగెత్తించిన ఇంకో ప్రయోగంలో కూడా తగ్గాయి. ఇంతవరకూ ఆయన మాట సరే. కానీ అవన్నీ ఒక పరుగు, ఒక డైవ్ చొప్పున చేసినవి. మీ యాత్రలో రెండో రోజు పొద్దుటి పరుగు ఆ రోజు డైవ్‌కి ముందు పరుగే, ముందు రోజు మూడో డైవ్‌కి తర్వాతి పరుగు కూడా. మొదటి రోజు మినహా మీకు అచ్చంగా 'డైవ్‌కి ముందు' అనే పొద్దు దొరకదు.

డైవ్ తర్వాత తీవ్రమైన శ్రమ ఎందుకు వద్దంటారంటే, కండరాలూ కీళ్లూ గట్టిగా పనిచేసినప్పుడు నైట్రోజన్ నిండిన ఒంట్లో బుడగలు పుట్టడం సులువవుతుంది. ఎత్తులో ఎగిరే వైమానికుల మీద రెండో ప్రపంచ యుద్ధ కాలంలో చేసిన పరీక్షల్లోనే, వ్యాయామం చేసినవాళ్లకి బెండ్స్ ఎక్కువగా వస్తాయని తేలింది. గట్టి శ్రమలో ఊపిరితిత్తుల్లోని కొన్ని అడ్డదారులు తెరుచుకుని బుడగలు వడకట్టకుండా దాటిపోయే అవకాశం కూడా ఉంది, గుండెలో ఆ దారి లేనివాళ్లకి సైతం. ఇంకో చిక్కు, ఇది మరీ రోజువారీది: 16 కిలోమీటర్లు పరిగెత్తాక రాత్రి మోకాలు లాగితే అది పరుగు నొప్పా, బెండ్సా అని ఎలా తేల్చుకుంటారు? భుజం నొప్పి విషయంలో కిందటిసారి మీరు ఇప్పటికే ఒకసారి తేలిక వివరణ వెతుక్కున్నారు.

కాబట్టి నేనైతే లాంగ్ రన్‌ని బయల్దేరే ముందు, మొదటి డైవ్‌కి కనీసం ఒక పూర్తి రోజు ముందు పెట్టుకుంటాను. తర్వాతి గట్టి పరుగు ఆఖరి డైవ్ అయిన 24 గంటల తర్వాతే. మధ్యలో రోజూ నడక, కాస్త స్ట్రెచింగ్ చేసుకోవచ్చు, వాటితో గొడవ లేదు. పరుగు మరీ ముఖ్యమనుకుంటే మూడో రోజు డైవింగ్‌కి సెలవు పెట్టి ఆ సాయంత్రం తేలిగ్గా పరిగెత్తడం ఇంకో దారి. అందులో మూడు డైవ్‌లు పోతాయి, కానీ ఒంట్లో చేరిన నైట్రోజన్‌కి కూడా ఒక విరామం దొరుకుతుంది. ఐదు రోజులు గట్టి పరుగు లేనంత మాత్రాన మూడు వారాల తర్వాతి హాఫ్ మారథాన్ పాడవదు. రోజుకి మూడుసార్లు సముద్రంలో దిగి ఎక్కడమే ఒళ్లు అలిసిపోయే పని.

విమానం సంగతికొస్తే, టిక్కెట్టు ఒక్కటే మార్చగలిగిన వస్తువు కాదు. ఆఖరి రోజు మొదటి డైవ్ ఒక్కటే చేసి తొమ్మిదింటికి పైకి వస్తే మర్నాడు ఆరింటికి 21 గంటలు అవుతాయి. రెండు చేసి పన్నెండింటికి వస్తే సరిగ్గా 18. పడవ ఒక గంట ఆలస్యమైతే ఆ లెక్క తప్పుతుంది, అందుకే ఇది నాకు ఇష్టం లేదు. ఆఖరి రోజు అసలు దిగకపోతే 39 గంటలు దొరుకుతాయి, సాయంత్రాలు హాయిగా గడుస్తాయి. అందరూ మూడో డైవ్ కావాల్సిందే అంటే విమానాన్ని సాయంత్రం ఆరింటికి మార్చుకోండి, 27 గంటలు అవుతాయి. ఏదీ మార్చకుండా పదిహేను గంటలకే ఎక్కడం కూడా ఒక దారే, చాలామంది అలా ఎక్కి క్షేమంగా ఇంటికి చేరుతున్నారు. వినోదం కోసం చేసే డైవింగ్‌లో బెండ్స్ అరుదు, పది వేల డైవ్‌లకి కొన్ని మాత్రమే. కానీ వస్తే విమానం మధ్యలో వస్తుంది, కిందికి దిగేదాకా చేయగలిగింది తక్కువ. వారం డైవింగ్ చేసి 24 గంటలు ఆగినవాళ్ల గుండెల్ని ఇటాలియన్ పరిశోధకులు విమానంలోనే అల్ట్రాసౌండ్‌తో చూశారు. ఎక్కువమందిలో బుడగలు కనిపించలేదు. అయితే డైవింగ్ రోజుల్లో పదేపదే బుడగలు కనిపించిన కొద్దిమందిలో మాత్రం, అంతసేపు ఆగినా, గాల్లో మళ్లీ కనిపించాయి. మీ ముగ్గురిలో అలాంటివాళ్లు ఎవరో మీకు తెలియదు. ఆ చారలు చూశాక నేనైతే మీ మీదే అనుమానపడతాను.

నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ, నైట్రోజన్ తక్కువ ఉండేలా కలిపిన గాలి) వాడితే సరిపోతుందని ఎవరైనా అంటే, కంప్యూటర్‌ని మామూలు గాలికి సెట్ చేసి నైట్రాక్స్ పీలిస్తే నైట్రోజన్ నిజంగా తగ్గుతుంది. కంప్యూటర్‌ని కూడా నైట్రాక్స్‌కి సెట్ చేసి ఎక్కువసేపు కింద ఉంటే లాభం అక్కడే ఖర్చయిపోతుంది. ఎలా వాడినా విమానం గంటలు మారవు.

ఇంట్లో ఎలా చెప్పాలన్నది మీ అసలు బెంగ అనుకుంటాను. మీ వారి దగ్గర "నాకు భయంగా ఉంది" అని మొదలుపెడితే మాట మళ్లీ మీ టెన్షన్ మీదకి పోతుంది. చారల సంగతి చెప్పండి. ఉత్తరం తీరు చూస్తే ఆయనకి అది తెలిసినట్టు లేదు, తెలిస్తే నవ్వుతారని నేననుకోను. మరిదితో వాదన పెట్టుకోకండి. "పన్నెండు ఒక డైవ్‌కట, మనకి పద్దెనిమిదట, ఒకసారి చూడవా" అని ఆ పేజీ ఆయన చేతికే ఇవ్వండి. అంత అనుభవం ఉన్నవాడికి తానే కనిపెట్టి టిక్కెట్లు మార్చే అవకాశం ఇస్తే చిన్నబుచ్చుకోడు. అయినా ఒప్పుకోకపోతే మీరొక్కరే ఆఖరి రెండు డైవ్‌లు మానేయండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సిలిండర్లు మాత్రం ఈసారి వాళ్లనే దింపమనండి.

బెండ్స్ లక్షణాలు ఎక్కువగా మొదటి కొన్ని గంటల్లోనే, దాదాపు అన్నీ 24 గంటల్లోపే బయటపడతాయి: కీళ్ల నొప్పి, చారలు, తిమ్మిర్లు, తల తిరగడం, కాళ్లలో బలహీనత, ఎన్నడూ లేనంత నీరసం, మూత్రం రాకపోవడం. డైవ్ తర్వాత వీటిలో ఏది కనిపించినా తగ్గుతుందిలే అని చూడకుండా ఆక్సిజన్ పెట్టమని అడగండి, డైవింగ్ డాక్టరుకి ఫోన్ చేయండి. తగ్గిపోయినా సరే డాక్టరు చూసేదాకా విమానం ఎక్కకండి. మళ్లీ నీళ్లలోకి దిగి సరిచేసుకుందామని అస్సలు ప్రయత్నించకండి. విమానంలో మొదలైతే సిగ్గుపడకుండా సిబ్బందిని పిలిచి, డైవింగ్ నుంచి వస్తున్నానని చెప్పి ఆక్సిజన్ అడగండి. వెళ్లేచోటికి దగ్గర్లో రీకంప్రెషన్ చాంబర్ (ఒత్తిడి మళ్లీ పెంచి బెండ్స్‌కి చికిత్స చేసే గది) ఎక్కడుందో, డైవింగ్ అత్యవసర ఫోన్ నంబరు ఏమిటో ముందే కనుక్కుని ముగ్గురి ఫోన్లలోనూ పెట్టించండి. ఆ పని మరిదికి అప్పగిస్తే శ్రద్ధగా చేస్తాడు.